జగన్నాథపురంలో రంగూన్ మొహింగా

కాకినాడ వచ్చినవాళ్ళకి కోటయ్య కాజా గురించి ఎవరైనా చెప్తారు. నేను జగన్నాథపురం వంతెన దాటాక, సాయంత్రం ఐదున్నరకి తెరిచే మొహింగా బండి గురించి చెప్తాను.

మొహింగా బర్మా వాళ్ళ పొద్దుటి టిఫిన్. చేపని ఉడికించి, ముళ్ళు తీసి మెదిపి, అల్లం, వెల్లుల్లి, పసుపు, నిమ్మగడ్డితో మరిగిస్తారు. వేయించిన బియ్యప్పిండి కలిపి చిక్కబరుస్తారు. అందులో అరటి దూట ముక్కలు పడతాయి. బియ్యం నూడుల్స్ మీద అది పోసి, ఉడికించిన గుడ్డు, శనగపప్పు వడ ముక్కలు వేసి, నిమ్మకాయ పిండి ఇస్తారు. గిన్నె 70 రూపాయలు. వాలుగ దొరికిన రోజున ఆ పులుసు రుచే వేరు, నీచు వాసన బొత్తిగా ఉండదు. దూట పంటికి తగిలేలా ఉంటుంది. ఆవ పెట్టిన దూట కూర తింటూ పెరిగిన నాకు, చేపతో అది ఇంత బాగా కుదురుతుందని ఎప్పుడూ తట్టలేదు.

బండి నడిపే ఆవిడ అత్తగారి దగ్గర నేర్చుకున్నారు. "ఆవిడ రంగూన్‌లోనే పుట్టారండి. ఇక్కడ చేపల సాస్ దొరక్క ఎండు రొయ్యల పొడి వేసేవారు. నేనూ అదే వేస్తానండి," అన్నారు. ఆ పొడి వల్లే ఈ మొహింగా మనది అయిపోయింది.

ఇక్కడికి దగ్గర్లోని కోరంగి రేవు నుంచే ఒకప్పుడు మనవాళ్ళు ఓడలెక్కి రంగూన్ వెళ్ళారు. అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవుల్లో పనిచేశారు. 1942లో జపాన్ సైన్యం వచ్చినప్పుడు ఎందరో అడవుల్లో పడి నడిచి వచ్చారు. 1962లో అక్కడ సైనిక పాలన మొదలై, ఆ తర్వాత కొట్లు, వ్యాపారాలు ప్రభుత్వం చేతిలోకి పోయాక మరికొందరు ఓడల్లో తిరిగొచ్చారు. కట్టుబట్టలతో వచ్చినవాళ్ళు కూడా వంట మరిచిపోలేదు. దీన్ని పరాయి తిండి అనేవాళ్ళతో నాకు పేచీ. కాజాకి ఇంత పేరు తెచ్చిన కోటయ్య గారు గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడినవారే. మన పులుసుల్లో మిరపకాయ పోర్చుగీసు వాళ్ళ ఓడల్లో వచ్చిందే. గోదావరి రుచుల గురించి మాట్లాడేటప్పుడు పులసతో పాటు మొహింగానీ లెక్కలో వేయాలి.

అదే బండి మీద దొరికే ఖౌస్వే, అంటే కొబ్బరి పాల పులుసులో వేసిచ్చే బర్మా నూడుల్స్, మాత్రం నాకు అంతగా నచ్చలేదు. కోనసీమ కొబ్బరి పాలు, కోడి మాంసం అంత బాగున్నా, గరం మసాలా ఎక్కువై పాల తీపిని మింగేస్తోంది. సగం తగ్గిస్తే చాలు. ఆవిడకి చెప్పాను, "పిల్లలు అలాగే అడుగుతున్నారండి" అన్నారు.

కూర్చోడానికి నాలుగు స్టూళ్ళే ఉంటాయి. ఆదివారం జనం ఎక్కువైతే ఏడు దాటాక పులుసు పల్చబడుతుంది. మామూలు రోజు ఆరింటికల్లా వెళ్ళండి, వాలుగ ఉందా అని ముందే అడగండి. ఎండుమిర్చి కారం విడిగా పెడతారు, రుచి చూశాకే కలుపుకోండి.