ఒకేసారి బిల్లా, నెలనెలా చందానా, ఏఎంసీనా: చిన్న వెబ్ డిజైన్ వ్యాపారానికి ఏది మేలు?

హైదరాబాద్‌లో ఇద్దరు ముగ్గురు కలిసి వెబ్ డిజైన్ పని మొదలుపెట్టినవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది. సైటు డబ్బు మొత్తం ఒకేసారి తీసుకోవాలా, నెలకింత అని తీసుకోవాలా, లేక సైటు చేసిచ్చి ఏటా మెయింటెనెన్స్ డబ్బు (ఏఎంసీ, అంటే వార్షిక నిర్వహణ ఒప్పందం) తీసుకోవాలా? మూడు పద్ధతులూ నడుస్తాయి. అయితే వాటి మధ్య తేడా సైటు అప్పగించాకే బయటపడుతుంది. అందుకే ధర మాట్లాడే ముందు నేను అడిగేది ఒక్కటే: రెండో ఏడు ఆ సైటును ఎవరు చూసుకుంటారు, ఆ పనికి డబ్బు ఎవరిస్తారు?

ఒకేసారి బిల్లులో లెక్క తేలిక. అడ్వాన్స్, డిజైన్ ఓకే అయ్యాక కొంత, చివర్లో మిగిలింది. ఇబ్బందంతా ఆ చివరి వాయిదాతోనే. క్లయింట్లు మ్యాటర్ ఇవ్వరు, ఫొటోలు ఇవ్వరు, సైటు ఆగుతుంది, దాంతో మన డబ్బూ ఆగుతుంది. ‘మ్యాటర్ రాకపోయినా ఫలానా తేదీకి బిల్లు పూర్తి’ అని ఒప్పందంలో రాసుకోండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, అదీ చేయించుకోండి. సూక్ష్మ, చిన్న సంస్థలకు ఇవ్వాల్సిన డబ్బు, రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలని 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం చెబుతుంది. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువు దాటితే క్లయింట్ ఆ ఖర్చును నిజంగా చెల్లించిన ఏడాదిలోనే పన్ను లెక్కలో చూపుకోవాలి. ఆడిట్ ఉండే కంపెనీల అకౌంటెంట్లకు ఈ మాట గుర్తుచేస్తే బిల్లు కదులుతుంది.

ఇంత చేసినా, రెండో ఏడు సైటును ఎవరు చూసుకుంటారన్న అసలు సమస్య అలాగే ఉంటుంది. చాలా సైట్లను నడిపే ప్రోగ్రామింగ్ భాష పీహెచ్‌పీలో 7.4 వెర్షన్‌కి సపోర్ట్ 2022 నవంబర్‌లో ఆగిపోయింది. హోస్టింగ్ కంపెనీ కొత్త వెర్షన్‌కి మార్చినప్పుడు పాత ప్లగిన్‌తో (అదనపు సౌకర్యాల కోసం జోడించే చిన్న ప్రోగ్రామ్‌తో) నడిచే వర్డ్‌ప్రెస్ సైటు తెరిస్తే తెల్ల పేజీ రావచ్చు. సైటు సురక్షితమని బ్రౌజర్‌కు చూపే ఉచిత లెట్స్ ఎన్‌క్రిప్ట్ సర్టిఫికెట్ గడువు 90 రోజులకు మించదు. ఆటో రెన్యువల్ ఎక్కడో ఆగితే బ్రౌజర్ ‘సురక్షితం కాదు’ అంటుంది. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌కి ఎప్‌సెట్ ఫలితాల వేళ ఇలా జరిగితే ఫోన్ మనకే వస్తుంది. డబ్బు ఎప్పుడో తీసుకున్నాం కాబట్టి ఆ పని ఉచితంగా చేయాలి, లేదా అప్పటికప్పుడు బేరమాడాలి. రెండూ బంధాన్ని చెడగొడతాయి.

నెలవారీ చందాలో ముందు పెట్టుబడి లేదు కాబట్టి చిన్న షాపులు తేలిగ్గా ఒప్పుకుంటాయి. వసూలు కూడా సులువే, నెలనెలా తనంతట తానే డబ్బు కట్ అయ్యే యూపీఐ ఆటోపేలో 15,000 రూపాయల వరకు ప్రతిసారీ పిన్ కొట్టక్కర్లేదు. కానీ తయారీ కష్టమంతా మొదటి నెలలోనే పడుతుంది, మూడో నెలలో షాపు మూతపడితే నష్టం మనది. ఆ భయంతో కొందరు డొమైన్ (సైటు చిరునామా) తమ పేరు మీదే పెట్టుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. డొమైన్ క్లయింట్ పేరు మీద, క్లయింట్ ఈమెయిల్‌తోనే ఉండాలి. ఒకరి వ్యాపారం పేరును తాకట్టు పెట్టుకుని డబ్బు రాబట్టడం నాకు న్యాయంగా అనిపించదు.

నా మొగ్గు ఏఎంసీ వైపు. బేగంబజార్ హోల్‌సేల్ వ్యాపారికైనా, బంజారాహిల్స్ క్లినిక్‌కైనా ఏఎంసీ కొత్తేమీ కాదు. లిఫ్ట్‌కీ, ఏసీలకీ, సీసీ కెమెరాలకీ కడుతూనే ఉంటారు. సైటు ధర 40,000 అనుకుందాం. అందులో 20 శాతం, అంటే ఏటా 8,000. అలాంటి క్లయింట్లు 30 మంది ఉంటే ఏడాదికి 2,40,000, నెలకు 20,000. కొత్త ఆర్డర్ రాని నెలలో కూడా అమీర్‌పేటలో చిన్న గది అద్దె, ఇంటర్నెట్ బిల్లు టెన్షన్ లేకుండా గడుస్తాయి.

ఏఎంసీలో ఏముందో, ఏం లేదో కాగితం మీద ఉండాలి. బ్యాకప్, అప్‌డేట్లు, సర్టిఫికెట్, నెలకు ఓ గంట చిన్న మార్పులు లోపల. కొత్త పేజీలు, పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు తీసుకునే ఏర్పాటు), డిజైన్ మార్చడం బయట. మీ ఏడాది ఆదాయం 20 లక్షలు దాటి జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంటే ‘18 శాతం అదనం’ అని ముందే చెప్పండి. వైద్యసేవలకు జీఎస్టీ మినహాయింపు ఉంది కాబట్టి క్లినిక్‌లు ఆ పన్నును క్రెడిట్‌గా తీసుకోలేవు, అంటే తాము కట్టే పన్నులోంచి తగ్గించుకోలేవు. వాళ్లకది పూర్తి ఖర్చే.

గంటల లెక్కన బిల్లు విదేశీ క్లయింట్లకు సరిపోతుంది, ఇక్కడి షాపుల వాళ్లు ఒప్పుకోరు. అమ్మకాల్లో వాటా అయితే వాళ్ల లెక్కలు మనకు కనిపించవు, వదిలేయండి. ఈవెంట్ సైటులాంటి, కొన్నాళ్లకే పనికొచ్చే వాటికి ఒకేసారి బిల్లే సరి.

మొదటి ఏడాది ఏఎంసీ ఉచితంగా ఇవ్వాలా అని కూడా అడుగుతుంటారు. వద్దు. అప్పగించాక 30 రోజులు తప్పులు ఉచితంగా సరిదిద్దండి, 31వ రోజు నుంచి ఏఎంసీ మొదలని కొటేషన్‌లోనే రాయండి.