గండికోటా, తలకోనా? చెట్లు చూడాలంటే ఏది మేలు?

సెలవులకు రాయలసీమ వచ్చే బంధువులు ఏటా అడిగే మాటే ఇది. రెండూ లోయలే, రెండుచోట్లా క్వార్ట్జైటు (ఇసుకరాయి గట్టిపడి ఏర్పడేది) రాయే. అయినా ఒకచోట కొండ కనిపిస్తుంది, మరొకచోట అడవి కమ్మేసి కొండను కనపడనివ్వదు.

జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు వెళ్తే గండికోట. ఎర్రమల కొండలను పెన్నానది కోసిన గండి అది. అంచున నిలబడితే సుమారు 300 అడుగుల కింద నీళ్లు. ఆ రాయి ఎర్ర గ్రానైటని చెప్పేవారుంటారు, నమ్మకండి. ఇక పచ్చదనమంటారా, బొమ్మజెముడు, నాగజెముడు, తుమ్మ, రేగు, అక్కడక్కడా సీతాఫలం. పేర్లు వింటేనే దాహం వేస్తుంది! అయితే రాతి పగుళ్లను కాస్త పరికించండి. పిడికెడు మన్నయినా లేని సందులో కొండరావి మొలిచి ఉంటుంది. కిందికి దిగే దారి లేక దాని వేరు కొవ్వొత్తి మైనం కారినట్టు బండమీద పలచగా పరుచుకుని, బారెడు దూరంలో మరో సందు వెతుక్కుంటుంది. గండికోటలో నాకు నచ్చే చెట్టు అదొక్కటే.

శేషాచలం కొండల్లోని తలకోనలో అలా వెతకాల్సిన పని లేదు. సిద్ధేశ్వరస్వామి గుడి దాటి, 270 అడుగుల జలపాతం వైపు నడుస్తుంటే నీడ చిక్కబడుతుంది. మనిషి తొడంత లావున మెలితిరిగిన గిల్లతీగ ఒక చెట్టెక్కి, ఇంకో చెట్టుమీదుగా దిగి, మళ్లీ మూడోదాన్ని పట్టుకుంటుంది. మొదలు ఎక్కడో కనుక్కోవడానికే పది నిమిషాలు పడుతుంది. దాని కాయ గజం పొడవు చిక్కుడుకాయ అనుకోండి. నిజానికి చిక్కుడు కుటుంబానిదే. గింజ ఒక్కటే సగం అరచేయి నింపుతుంది.

తడి లోయ వదిలి ఎండ పడే రాతి వాలులకు వస్తే ఎర్రచందనం. సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తంలో తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. బెరడు మొసలి వీపులా నల్లటి పెళ్లలుగా పగిలి ఉంటుంది, లోపలి ఎరుపు పైకి ఏమాత్రం తెలియదు. గుండ్రటి కాయ చుట్టూ అప్పడం అంచులాంటి పల్చని రెక్క. చిన్న ఈతచెట్టులా కనిపించే సైకస్ బెడ్డోమీ కూడా ఈ శేషాచలం కొండలదే. 2010లో ఈ కొండలను జీవావరణ రిజర్వుగా ప్రకటించారంటే ఊరికే కాదు.

కాబట్టి చెట్ల కోసమైతే తలకోనే, నాకు రెండో ఆలోచన లేదు. వానలు పడ్డాక, నవంబరు, డిసెంబరుల్లో వెళ్లండి. వేసవిలో ధార సన్నబడి ఉసూరుమనిపిస్తుంది. ఫొటోలే ముఖ్యమైతే, తెల్లవారుజామున లేచే ఓపిక ఉంటే, గండికోటకు పొండి. చిన్నపిల్లలుంటే మాత్రం అక్కడ చేయి వదలకండి, బండల చివర అడ్డుగోడ ఉండదు. తలకోనలో ఇంకో జాగ్రత్త: అది నేషనల్ పార్కు, గిల్లగింజ ఎంత ముద్దొచ్చినా జేబులో వేసుకోకూడదు.