మికేలా మౌనమా, స్కూల్ 21 మాటా: ఏది మేలు?

ప్రభుత్వ డబ్బుతో నడుస్తూ, పాఠం ఎలా చెప్పాలో చాలావరకు తామే నిర్ణయించుకునే ‘ఫ్రీ స్కూళ్లు’ ఇంగ్లండ్‌లో 2010 తర్వాత వచ్చాయి. లండన్‌లో అలాంటివే ఈ రెండూ. తూర్పున స్ట్రాట్‌ఫర్డ్‌లో 2012లో స్కూల్ 21, వాయవ్యాన వెంబ్లీలో 2014లో మికేలా కమ్యూనిటీ స్కూల్ తెరుచుకున్నాయి. రెండుచోట్లా వలస కుటుంబాల పిల్లలు ఎక్కువ. పేదింటి బిడ్డకూ మేలైన చదువు అందాలన్న పట్టుదల రెంటికీ ఉంది. దారులే వేరు. మన బడులను బాగుచేయాలనుకునేవాళ్లు ముందుగా దేన్ని చూడాలి?

మికేలా పేరెత్తితే అందరికీ క్రమశిక్షణే గుర్తొస్తుంది. క్యాథరిన్ బీర్బల్‌సింగ్ స్థాపించిన ఈ బడిలో వరండాల్లో మాట వినిపించదు. పెన్ను మరిచిపోయి వచ్చినా డిటెన్షనే, అంటే శిక్షగా అదనంగా కాసేపు బడిలో ఆపేస్తారు. టీచరు ముందు నిలబడి నేరుగా పాఠం చెబుతారు, మధ్యమధ్య పక్కవాళ్లతో కాసేపు మాట్లాడుకోమంటారు. గ్రూపు పనులకు చోటు లేదు. ఫలితాలను మాత్రం కాదనలేం. 11 ఏళ్లప్పుడు ఒకే స్థాయిలో ఉన్న పిల్లలు 16 ఏళ్లకు ఎవరెంత ఎదిగారో చూసే కొలమానం ‘ప్రోగ్రెస్ 8’. అందులో 2022, 2023, 2024 మూడేళ్లూ ఇంగ్లండ్ మొత్తంలో మొదటి స్థానం ఈ బడిదే.

ఆ ఫలితాలకు డిటెన్షన్లు ఒక్కటే కారణమనుకుంటే పొరపాటు. ప్రతి సబ్జెక్టులో తప్పక తెలియాల్సిన విషయాలను ముందే రాసి పిల్లల చేతికిస్తారు. వాళ్లు రోజూ ఇంటి దగ్గర తమను తామే ప్రశ్నించుకుని గుర్తు తెచ్చుకోవాలి. టీచర్లు ఒక్కో పుస్తకం దిద్దుతూ కూర్చోరు. అన్నీ చదివి, ఎక్కువమంది ఎక్కడ తడబడ్డారో చూసుకుని, మర్నాడు తరగతి మొత్తానికీ ఆ ముక్క మళ్లీ చెబుతారు. మధ్యాహ్న భోజనం మరీ ముచ్చటగా ఉంటుంది. అన్ని మతాల పిల్లలూ ఒకే బల్ల దగ్గర కూర్చోగలిగేలా అందరికీ శాకాహారమే. పిల్లలే వడ్డించుకుంటారు, ఆ రోజు ఇచ్చిన అంశం మీద మాట్లాడుకుంటూ తింటారు. ఎవరికైనా కృతజ్ఞత చెప్పాలనిపిస్తే లేచి నిలబడి అందరి ముందూ చెబుతారు.

స్కూల్ 21లో చదవడం, రాయడంతో సమానంగా మాట్లాడటాన్నీ నేర్పుతారు. దీన్ని ‘ఒరసీ’ అంటారు. బ్రిటన్ మాజీ ప్రధాని టోనీ బ్లెయిర్‌కు ప్రసంగాలు రాసిన పీటర్ హైమన్ ఈ బడి స్థాపకుల్లో ఒకరు. కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంతో కలిసి వీళ్లు మాట నేర్పును నాలుగు భాగాలు చేశారు: గొంతు, దేహభాష ఒకటి; పదాల ఎంపిక ఒకటి; ఆలోచన, తర్కం ఒకటి; ఎదుటివారిని వినడం, వాళ్ల మనసెరిగి స్పందించడం ఒకటి. తరగతిలో చర్చ మొదలైతే ఒక్కొక్కరికీ ఒక్కో పని అప్పజెబుతారు. ఒకరు మొదలుపెడతారు, ఇంకొకరు ఆ మాటకు మరికొంత చేరుస్తారు, మరొకరు ‘నేను ఒప్పుకోను, ఎందుకంటే...’ అని అడ్డు తగులుతారు. ఆ ‘ఎందుకంటే’ తర్వాత ఏదో ఒకటి చెప్పి తీరాలి కనుక చదవకుండా వచ్చినవాడు వెంటనే దొరికిపోతాడు. మాట నేర్పితే చదువు పలచబడుతుందన్న భయం అందుకే నాకు లేదు. ఏ బోధన పద్ధతి ఎంత పనిచేస్తుందో తేల్చే ఎడ్యుకేషన్ ఎండోమెంట్ ఫౌండేషన్ కూడా, మౌఖిక భాష మీద పనిచేస్తే ఏడాదికి సగటున 6 నెలల అదనపు ప్రగతి కనిపిస్తుందనీ, ఖర్చు చాలా తక్కువనీ చెబుతోంది.

దీనికీ ఇబ్బందులున్నాయి. టీచరు ముందే ఆలోచించి పెట్టుకోకపోతే ఇద్దరు చురుకైనవాళ్లే మాట్లాడేస్తారు, మిగతావాళ్లు చూస్తూ కూర్చుంటారు. సమయమూ ఎక్కువ పడుతుంది. మార్కులే గీటురాయి అనుకుంటే మికేలాదే పైచేయి, అందులో సందేహం లేదు. అయితే ఆ బడి నియమాలు తెలిసి, ఇష్టపడి చేర్పించే తల్లిదండ్రులు దానికి పెద్ద బలం. ఊళ్లో ఉన్న పిల్లలందరినీ చేర్చుకోవాల్సిన ప్రభుత్వ బడికి ఆ బలం ఉండదు.

నా ఓటు స్కూల్ 21కే. నిశ్శబ్దం, శిక్ష, బట్టీ మన దగ్గర ఇప్పటికే కావలసినదానికన్నా ఎక్కువున్నాయి. మికేలాను అనుకరించబోయే మన కార్పొరేట్ కాలేజీ ఏదైనా డిటెన్షన్‌ను ముందు పట్టుకుంటుంది, ఆ భోజనాల బల్లను వదిలేస్తుంది. టెన్త్‌లో మంచి మార్కులు తెచ్చుకుని కూడా, తెలిసిన జవాబే నలుగురిలో చెప్పమంటే నోరు పెగలక తల దించుకునే పిల్లలు మన ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. నాకు బాధ కలిగించేది అదే.

మికేలా నుంచి రెండు తీసుకోవచ్చు: రోజూ గుర్తు తెచ్చుకునే చిన్న పరీక్ష, దిద్దుబాటు భారం తగ్గించే పద్ధతి. దానివల్ల టీచరుకు మిగిలే సమయాన్ని మాటకివ్వాలి. నలభైమంది ఉన్న తరగతిలోనైనా ముగ్గురేసి చొప్పున కూర్చోబెట్టి, సైన్స్ పాఠంలో ఒక్క ప్రశ్న ఇచ్చి, పది నిమిషాలు తెలుగులోనే వాదించుకోమనవచ్చు. దానికి కొత్త గదులు, కొత్త పుస్తకాలు అక్కర్లేదు.