ఇంటింటి యాసినానా, మసీదు మజెలిసా: పల్లెకు ఏది మేలు?

ఇండోనేషియాలోని జావా పల్లెల్లో మతాధ్యయన కూటాలు ముఖ్యంగా రెండు తీరుల్లో నడుస్తాయి. ఒకటి యాసినాన్. ఎక్కువగా గురువారం రాత్రి ఇరుగుపొరుగు వారు వంతులవారీగా ఒక్కో ఇంట్లో చేరి ఖురాన్‌లోని యాసీన్ అధ్యాయం చదువుతారు. రెండోది మజెలిస్ తక్లిమ్. మసీదులోనో సభామందిరంలోనో గురువు పాఠం చెబుతారు, దానికి ఒక పేరు, కార్యవర్గం ఉంటాయి.

పల్లె బాగు కోసమైతే నా మొగ్గు యాసినాన్ వైపే. వంతు వచ్చినప్పుడు పేదింటి గడప కూడా తొక్కక తప్పదు. చాప మీద కూర్చుంటే కారుతున్న పైకప్పు, లోపలి గదిలో మంచాన పడిన ముసలమ్మ కంటపడతారు. ఏ సర్వే కాగితమూ ఇంత దగ్గరగా చూపలేదు. పారాయణం అయ్యాక, ముఖ్యంగా ఆడవాళ్ల కూటాల్లో, 'అరిసాన్' ఉంటుంది. మన చీటీల వంటిదే కానీ పాట ఉండదు. పేర్లు రాసిన కాగితపు చుట్టలను గ్లాసులో వేసి కుదుపుతారు. ఎవరి పేరు బయటపడితే ఆ విడత సొమ్ము వారిది. వడ్డీ లేదు, హామీ పత్రం లేదు. ఉన్నదల్లా వచ్చేవారం మళ్లీ ముఖాలు చూసుకోవాలన్న సంగతి.

లోపాలూ చిన్నవి కావు. వంతు రోజున వచ్చినవారికి పెట్టుపోతల ఖర్చు పేదింటికి బరువు. సంస్కరణవాద ముస్లిం సంస్థ ముహమ్మదియా బాటలో నడిచే కుటుంబాలు చాలావరకు యాసినాన్ జరపవు కాబట్టి వారు ఈ వలయానికి బయటే ఉండిపోతారు. పైగా నాలుగు ఇళ్ల సాయంతో పైకప్పు వేయవచ్చు గానీ పిల్లల బడి నడపలేం.

మజెలిస్ బలం అక్కడే. 2014 నాటి గ్రామ చట్టం తర్వాత గ్రామాలకు నేరుగా కేంద్ర నిధులు అందుతున్నాయి. వాటి ఖర్చుపై చర్చించే గ్రామసభలో మత పెద్దలకు, మహిళా బృందాలకు చోటుంది. పేరు, లెక్కల పుస్తకం ఉన్న బృందం మాట అక్కడ తేలిగ్గా చెల్లుతుంది. అయితే పాఠం విని ఇంటికి పోవడంతోనే సరిపెట్టుకునే మజెలిస్ వల్ల పల్లెకు ఒరిగేది తక్కువ.

పాఠం పనిగా మారాలనడానికి, ముహమ్మదియాను 1912లో యోగ్యకర్తాలో స్థాపించిన అహ్మద్ దహ్లాన్ గురించి ఒక ముచ్చట చెబుతారు. అనాథను తరిమేవాడిని నిందించే మావూన్ అధ్యాయాన్నే ఆయన పదేపదే బోధించారట. కొత్త పాఠం ఎప్పుడని శిష్యులు అడిగితే, దీన్ని ఆచరించారా అని ఎదురడిగి, పేదలను వెతకమని పంపారట. ఆయన, భార్య సీతీ వలీదా కలిసి 1914లో మొదలుపెట్టిన స్త్రీల అధ్యయన బృందమే 1917లో ఆయిషియా అనే మహిళా సంస్థ అయింది; 1919లో శిశు పాఠశాల తెరిచింది.

అందుకే ఒకటే నడపగల పల్లె ఉంటే యాసినాన్‌తో మొదలుపెట్టమంటాను. వంతు వచ్చిన ఇల్లు టీ తప్ప మరేమీ పెట్టకూడదని తొలి రాత్రే తీర్మానించుకోవాలి. కార్యవర్గం, పేరు, లెక్కల పుస్తకం ఆ తర్వాత, అరిసాన్ సొమ్ముకు మించిన పని ఎదురైనప్పుడు పెట్టుకోవచ్చు.