గవర్నర్ ఎన్నిక: న్యూయార్క్ పద్ధతి మేలా, మసాచుసెట్స్ పద్ధతి మేలా?

అమెరికా తొలినాళ్ల ఎన్నికల గురించి ఎప్పుడు రాసినా, గవర్నర్‌ని ఎన్నుకోవడంలో ఈ రెండు రాష్ట్రాల్లో ఎవరి పద్ధతి మేలనే అడుగుతున్నారు, అదీ గెలవడానికి ఎన్ని ఓట్లు రావాలనే కోణంలోనే. న్యూయార్క్ 1777 రాజ్యాంగం ప్రకారం ఎవరికి ఎక్కువ వస్తే వాళ్లే గవర్నర్, మూడేళ్లు. మసాచుసెట్స్‌లో 1780 నుంచి ఏటా ఎన్నిక, పైగా పోలైన ఓట్లలో సగానికి మించి రావాలి. ఓటుకు ఆస్తి ఉండాలన్న షరతు రెండుచోట్లా ఉంది, న్యూయార్క్‌లో గవర్నర్‌కి ఓటేయాలంటే వంద పౌండ్ల విలువైన సొంత భూమి ఉండాలి కాబట్టి అక్కడ ఇంకాస్త బిగువు. ఇదంతా మీకు తెలిసిందే. నన్నడిగితే తేల్చాల్సింది వేరే ఉంది: ఓట్లు ఎక్కడ లెక్కపెట్టారు, ఎవరు లెక్కపెట్టారు.

1792లో న్యూయార్క్‌లో జరిగింది చూడండి. ఒకవైపు జార్జ్ క్లింటన్, 1777 నుంచీ కుర్చీ దిగని గవర్నర్. ఇంకోవైపు జాన్ జే, అప్పటికే అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఆ పదవిలో ఉంటూనే పోటీకి దిగారు (ఇప్పుడైతే ఊహించగలమా!). అక్కడ ఓట్లు ఊళ్లో లెక్కపెట్టరు. పెట్టెలు కౌంటీ (మన జిల్లా లాంటిది) అధికారి అయిన షెరీఫ్ చేతికి వెళ్తాయి, ఆయన రాష్ట్ర కార్యదర్శి ఆఫీసుకి చేరుస్తాడు, అక్కడ చట్టసభ వేసిన పన్నెండు మంది కమిటీ వాటిని తెరిచి లెక్కిస్తుంది. ఆ కమిటీలో ఎక్కువమంది క్లింటన్ వర్గమే.

ఆట్సెగో కౌంటీలో పాత షెరీఫ్ గడువు అయిపోయింది, కొత్తాయన ఇంకా బాధ్యతలు తీసుకోలేదు. పెట్టె ఆగదు కదా, పాతాయనే పంపాడు. చెల్లదన్నారు. టియోగాలో షెరీఫ్ తన డిప్యూటీకి అప్పగిస్తే, అతను జబ్బుపడి ఇంకొకరి చేతికిచ్చాడు. అదీ చెల్లదన్నారు. మూడోది క్లింటన్ కౌంటీ, అవును, ఆ గవర్నర్ పేరు పెట్టిందే. అక్కడ సరైన నియామకం లేని మనిషి చేతికిచ్చి పంపారని దాన్నీ పక్కన పెట్టేశారు. న్యూయార్క్ సెనేటర్లు ఇద్దరినీ సలహా అడిగితే, ఆట్సెగో ఓట్లు లెక్కపెట్టాల్సిందేనని రూఫస్ కింగ్, కుదరదని ఆరన్ బర్ చెప్పారు. చివరికి క్లింటన్‌కి 8,440, జేకి 8,332. తేడా 108. ఆట్సెగోలో జేకి గట్టి బలం ఉంది, ఆ పెట్టె తెరిచి ఉంటే ఆయనే గెలిచేవారని చరిత్రకారులు దాదాపుగా ఒప్పుకుంటారు. కానీ పక్కన పెట్టిన ఓట్లను తగలబెట్టేశారు, మళ్లీ చూద్దామన్నా ఏమీ మిగల్లేదు.

జే మాత్రం గొడవకి దిగలేదు. కొన్నేళ్లు పోతే అందరం మట్టిలో కలిసేవాళ్లమే, రాష్ట్రాన్ని ఏలడం కంటే నన్ను నేను ఏలుకోగలగడమే నాకు ముఖ్యం అన్నట్టు భార్యకి ఉత్తరం రాశారు. 1795లో క్లింటన్ పోటీ చేయలేదు, బ్రిటన్‌తో ఒప్పందం పని మీద ఇంగ్లండ్ వెళ్లిన జే ఇంకా తిరిగి రాకుండానే జనం ఆయన్ని గెలిపించేశారు.

క్లింటన్ వర్గం వాదన కూడా కొట్టిపారేయలేం. పెట్టె ఎవరెవరి చేతులో మారితే లోపలి ఓట్లకి గ్యారంటీ ఏంటి అన్నారు, న్యాయమైన మాటే. నా గోలల్లా ఒక కౌంటీ జనం ఇచ్చిన తీర్పు మొత్తం ఆ ఒక్క పెట్టెలోనే ఉండటం, అది పోతే ఇంకో రుజువు లేకపోవడం.

మసాచుసెట్స్‌లో ఈ చిక్కు రాదు. ఏం చేయాలో రాజ్యాంగంలోనే రాసిపెట్టారు: ఊరి సభలో, జనం ముందే, టౌన్ క్లర్కు ఊరి పెద్దల సాయంతో ఓట్లు వేరుచేసి లెక్కపెట్టాలి, ఎవరికెన్నో ఊరి పుస్తకంలో రాయాలి, అక్కడికక్కడే బయటికి చదవాలి, ఆ తర్వాతే నకలుకి సీలు వేసి షెరీఫ్‌కి పంపాలి. షెరీఫ్ జబ్బుపడనీ, గడువు తీరిపోనీ, ఊరి పుస్తకం ఊళ్లోనే ఉంటుంది. మన పంచాయతీ ఎన్నికల్లో పోలింగ్ అయిన రోజే ఊళ్లో లెక్కపెట్టి సర్పంచ్ ఎవరో చెప్పేస్తారు చూడండి, సాయంత్రానికల్లా ఊరంతటికీ అంకెలు నోటికి వచ్చేస్తాయి, ఆ ధైర్యమే వేరు.

అలాగని మసాచుసెట్స్‌కి వంక లేదని కాదు. సగానికి మించి ఎవరికీ రాకపోతే విషయం చట్టసభకి పోతుంది. దిగువ సభ ఇద్దరిని ఏరితే వాళ్లలో ఒకరిని సెనేట్ ఎంచుతుంది. 1785లో జేమ్స్ బౌడిన్, థామస్ కుషింగ్ పోటీ అలాగే అక్కడిదాకా పోయి బౌడిన్ గవర్నరయ్యారు. అప్పుల బాధతో రైతులు చేసిన షేస్ తిరుగుబాటుని అణిచాక 1787లో జనం ఆయన్ని దించేసి పాత గవర్నర్ జాన్ హ్యాంకాక్‌ని మళ్లీ తెచ్చుకున్నారనుకోండి, ఏటా ఎన్నిక ఉంటే ఆ సౌకర్యం ఉంది.

వర్జీనియా సంగతీ కొందరు అడిగారు. అక్కడ గవర్నర్‌ని చట్టసభే ఎన్నుకునేది. 1779లో జెఫర్సన్ రెండో విడతలో 67–61తో జాన్ పేజ్‌ని ఓడించారు, అంతే, జనానికి పని లేదు. మన దగ్గరైతే గవర్నర్‌కి ఎన్నికే లేదు, రాష్ట్రపతి నియమిస్తారు కాబట్టి ఆ పోలిక అనవసరం.

నాదైతే మసాచుసెట్స్ ఓటే, కాకపోతే ఆ సగానికి మించి రావాలన్న నియమం తీసేసి. వాళ్లూ 1855లో దాన్ని తీసేశారు.