చెక్క పెంటామినో సెట్, లెక్కలంటే భయపడే పిల్లలకి కూడా కొనొచ్చు

ఆరో క్లాసు చదివే మా పాప కోసం ఆన్‌లైన్‌లో తీసుకున్నా, చాలా బాగుంది. అయిదు గళ్ళని అంచుకి అంచు కలిపితే వచ్చే ఆకారాలే ఈ ముక్కలు, తిప్పితేనో తిరగేస్తేనో ఒకేలా వచ్చేవాటిని ఒకటిగానే లెక్కేస్తే మొత్తం 12, అంటే 60 గళ్ళు. 6×10 ట్రేలో వీటిని సర్దడానికి 2339 దారులున్నాయి అయినా మొదటిది దొరకడానికే చెమటలు పడతాయి, 3×20లో అయితే రెండంటే రెండే.

ముక్కలు ఇచ్చేముందు గళ్ళ కాగితం మీద ఆ 12 ఆకారాలు పిల్లల్నే కనుక్కోమనండి, ఇంకోటి లేదని ఎలా చెప్పగలవు అని అడగండి, అసలు లెక్కలు అక్కడే మొదలవుతాయి. తర్వాత అట్టతో నాలుగు గళ్ళ ముక్కలు 5 రకాలూ కత్తిరించి 4×5 పెట్టె నింపమనండి. 20 గళ్ళే కదా సరిపోవాలి, కానీ ఎంత తిప్పినా పట్టవు! పెట్టెకి చదరంగం బోర్డులా రంగులేస్తే ఎందుకో తెలుస్తుంది, టీ ఆకారం ముక్క ఒక రంగువి 3, ఇంకో రంగుది 1 కప్పుతుంది, మిగతావన్నీ రెండేసి, కాబట్టి 11-9 అవుతుంది, పెట్టెలో ఉన్నవేమో 10-10. కుదరదు అని నిరూపించడం కూడా జవాబే అని పాపకి అర్థమైనప్పుడు దాని మొహం చూడాలి అసలు.

లోపాలంటే ట్రే బాగా బిగుతు, వానాకాలంలో ఆఖరి ముక్క దిగట్లేదు. బుక్‌లెట్‌లో జవాబులు పక్క పేజీలోనే వేశారు, అవి ముందే తీసి దాచేయండి.