కొరియా యుద్ధం తేదీలకు టైమ్‌లైన్ చార్ట్: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

ఆధునిక చరిత్ర పేపర్ కోసం యుద్ధాల తేదీలను పెద్ద చార్ట్ మీద గీసుకుని చదివే పద్ధతిని చాలాకాలంగా వాడుతున్నాను. కొరియా యుద్ధానికి పనికొచ్చినంతగా ఇంకే టాపిక్‌కీ పనికిరాలేదు. ఒక్కటే షరతు: నెలకో గడి, గడులన్నీ ఒకే వెడల్పు. సంఘటనలు ఎక్కువున్నాయని ఒక నెలను సాగదీయకూడదు, ఏమీ లేవని ఇంకో నెలను కుదించకూడదు.

అలా గీస్తే ఎడమవైపు కిక్కిరిసిపోతుంది. 1950 జూన్ 25న ఉత్తర కొరియా దాడి, 28న దక్షిణ కొరియా రాజధాని సియోల్ పతనం, సెప్టెంబర్ 15న ఇంచాన్‌లో అమెరికా జనరల్ మెకార్థర్ నడిపిన ఐక్యరాజ్యసమితి సేనలు దిగడం, అక్టోబర్‌లో ఉత్తర కొరియాకు మద్దతుగా చైనా సేనలు సరిహద్దులోని యాలూ నది దాటి రావడం, 1951 జనవరిలో సియోల్ మళ్లీ చేజారడం, మార్చిలో తిరిగి దక్కడం, ఏప్రిల్ 11న అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ మెకార్థర్‌ను తొలగించడం. జూలై 10న కేసాంగ్‌లో చర్చలు మొదలయ్యాక మాత్రం చార్ట్ పలచబడిపోతుంది. 1953 జూలై 27న పన్‌మున్‌జోమ్‌లో యుద్ధ విరమణ సంతకాల దాకా, అంటే రెండేళ్లకు పైగా, గడులు చాలావరకు ఖాళీ. పరీక్షలో మార్కులు తెచ్చే ప్రశ్న ఆ ఖాళీలోనే ఉంది: యుద్ధరేఖ పెద్దగా కదలనప్పుడు ఒప్పందానికి అంతకాలం ఎందుకు పట్టింది? యుద్ధ ఖైదీలను వాళ్లకు ఇష్టం లేకపోయినా వెనక్కి పంపాలా అన్న పేచీ, 1953 మార్చి 5న సోవియట్ అధినేత స్టాలిన్ మరణం అక్కడ రాసుకుంటే జవాబు దానంతట అదే కదులుతుంది.

ఫ్లాష్‌కార్డుల యాప్ కూడా వాడాను. తేదీ అడిగితే టక్కున చెప్పడం దానివల్లే వచ్చింది, కాదనను. కానీ రెండు కార్డుల మధ్య ఎంతకాలం గడిచిందో కార్డు చెప్పదు.

చార్ట్‌లో మూడు అడ్డవరసలు పెట్టుకోండి: యుద్ధరంగం, ఐక్యరాజ్యసమితి, రాజధానుల్లో నిర్ణయాలు. రెండో వరస మీద నాకు ప్రత్యేక అభిమానం. జూన్ 25న, 27న భద్రతామండలి తీర్మానాలు అంత సులువుగా ఎలా నెగ్గాయి? చైనా స్థానం తైవాన్‌లోని ప్రభుత్వం చేతిలో ఉందని సోవియట్ యూనియన్ అప్పుడు సమావేశాలను బహిష్కరించింది. ఆగస్టులో తిరిగొచ్చింది, దాంతో వీటో కూడా వచ్చింది. వీటోతో భద్రతామండలి ఆగిపోతే తానే చర్యలు సిఫారసు చేయొచ్చంటూ నవంబర్ 3న సర్వప్రతినిధి సభ 'శాంతి కోసం ఐక్యత' తీర్మానం చేయడానికి కారణం పక్క గడుల్లోనే కనిపిస్తుంది.

లోపాలూ ఉన్నాయి. కొరియాలో జూన్ 25 తెల్లవారుజాము అంటే వాషింగ్టన్‌లో ఇంకా 24 మధ్యాహ్నమే. పుస్తకాల్లో తేదీలు తేడాగా కనిపిస్తే కంగారుపడొద్దు, ఎక్కడి తేదీయో పక్కన రాసుకోండి. ఇంకో చిక్కు, 1950తో మొదలయ్యే చార్ట్ చూస్తే యుద్ధం హఠాత్తుగా ఊడిపడినట్టు ఉంటుంది. 1945లో 38వ అక్షాంశం దగ్గర జరిగిన విభజననూ, 1948లో ఏర్పడిన రెండు ప్రభుత్వాలనూ ఎడమ అంచున వేరే రంగులో రాయక తప్పదు.

క్యూబాలో సోవియట్ క్షిపణుల మీద అమెరికా, సోవియట్ యూనియన్ తలపడిన క్యూబా క్షిపణి సంక్షోభానికి నెలల గడులు అస్సలు పనికిరావు. 1962 అక్టోబర్ 16 నుంచి 28 వరకు రోజుకో గడి గీయాలి. అదీ 27వ తేదీకి చాలదు: తుర్కియేలోని అమెరికా క్షిపణుల సంగతి ఎత్తిన సోవియట్ నేత క్రుశ్చేవ్ రెండో లేఖ, క్యూబా మీద అమెరికా గూఢచారి విమానం యూ-2 కూల్చివేత, ఆ సాయంత్రం అమెరికా అధ్యక్షుడి తమ్ముడు రాబర్ట్ కెనడీ సోవియట్ రాయబారి డోబ్రినిన్‌ను కలవడం, అన్నీ ఆ రోజే. దానికి నేను విడిగా ఒక కాగితం అతికించుకున్నాను.